వరదల నానిన పుస్తకాలు పట్టుకొని పాలమూరుల ఎవరి దగ్గరికి పోవాలె: జిల్దు చాచా దుకాణం రివ్యూ

జిల్దు చాచా అంటె పుస్తకాలకు జిల్దు, అంటె బైండింగ్, చేసే చాచా. ముందుగాలనే చెప్తున్న, మీకు అర్జెంటు ఉంటె ఈ దుకాణానికి పోకుండ్రి. చాచా ఫోన్ ఎత్తడు, ఎప్పుడిస్తవు చాచా అంటె "కాగజ్ చెప్తది సార్" అంటడు, కాగితం చెప్పుడేందని మొదట్ల నాకు మస్తు మండింది. కాని నీళ్లల్ల నానిన పాత పుస్తకం ఉందని ఎవరన్న అడిగితె ఇప్పుడు నేను ఇంకో దుకాణం అడ్రస్ ఇయ్య. ఐదుకు నాలుగు స్టార్లు, ఆ ఒక్కటి ఎందుకు కోసిన్నో కింద రాస్త, ఓపికుంటె చదువుండ్రి, జర పెద్దగనే అయితది.

మహబూబ్‌నగర్ క్లాక్ టవర్ కాడ దిగి జిరాక్స్ దుకాణాల సందులకు తిరుగుండ్రి. బోర్డు లేదు, గుమ్మంల పాత ఇనుప శికంజా, అంటె పుస్తకాలను బిగించే ప్రెస్సు, కనవడితె అదే. లోపల ఇద్దరు నిలవడితె మూడోడు బైటనే ఉండాలె. ఒక మూలకు లై (మైదా జిగురు) ఉడికించే గిన్నె, ఒక మూలకు అట్టలకు అతికించే కాలికో బట్ట చుట్టలు, వెనక గోడంత దవాఖాన రిజిస్టర్లు, ఆఫీసు ఫైళ్లు, కాలేజీ పిల్లల రికార్డులు. ఆయన కడుపు నింపేటివి అవే, మన పాత పుస్తకాలల్ల ఆయనకు మిగిలేదేం లేదు, అయినా వద్దనడు.

మా సంగతేందంటె, చెరువు కింద కాలనీల మాకొక పఠనాలయం ఉంది, పెద్దలు చందాలేసుకొని కట్టిన రెండు గదులు, సర్కారుది కాదు. నిజాం జమానాల తెలుగుల చదువుకునుడే కష్టం, సభ పెట్టుకోవాలన్నా పర్మిషన్ కావాలె, అయినా 1901ల హైదరాబాదుల శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం అనే గ్రంథాలయం మొదలైనంక ఆ గాలి జిల్లాలకు సుత తాకింది, నల్లగొండ నుంచి 1922ల నీలగిరి పత్రిక వచ్చింది, 1926ల మన సురవరం ప్రతాపరెడ్డి గారు గోలకొండ పత్రిక పెట్టిండు, 1930ల జోగిపేటల ఆంధ్ర మహాసభ (నిజాం రాజ్యంల తెలుగోళ్ల సంఘం) మొదటి సభకు ఆయననే అధ్యక్షున్ని చేసిన్రు, మర్సటేడు దేవరకొండల బూర్గుల రామకృష్ణారావు గారి అధ్యక్షతన రెండోది. ఆ కాలం పుస్తకాలు, పత్రికల బైండ్లు ఎవరింట్లనన్న అటక మీద ఉన్నయంటె పోయి బతిమాలి తెచ్చినయే మా దగ్గర ఎక్కువ. అండ్ల అందరు అడిగి చూసేది 1934ల అచ్చయిన గోలకొండ కవుల సంచిక. తెలంగాణల కవులే లేరని ఒకాయన రాస్తె, అట్లనా అని 354 మంది కవులను ఒక్క సంచికల ఎక్కించి ముందల పెట్టిండు ప్రతాపరెడ్డి గారు. గద్వాల, వనపర్తి, ఆత్మకూరు, కొల్లాపూర్ సంస్థానాలున్న పాత ఉమ్మడి జిల్లా మాది, విద్వద్గద్వాల అని పేరువడ్డ నేల, ఇక్కడ కవుల్లేరంటె ఎవరికి మండది చెప్పుండ్రి.

సంచిక మళ్ల అచ్చయింది కాబట్టి పద్యాలకేం ఢోకా లేదు. మా ప్రతి సంగతి వేరే. దాన్ని ఇచ్చిన ఇంటి పెద్దమనిషి ఎవరో తనకు ఎరుకున్న కవుల పేర్ల పక్కన పెన్సిల్‌తోని చిన్న చిన్న టిక్కులు పెట్టుకున్నడు, ఒక పేరు పక్కన "మా తాతగారికి గురువు" అని సన్నటి రాత, ఇంకో దగ్గర ఊరి పేరు తప్పు పడిందని కొట్టేసి సరిచేసిండు. అవి ఏ రీప్రింటుల వస్తయి? నేను రివ్యూ రాస్తున్నదే ఆ పెన్సిల్ గీతల కోసం అనుకోండ్రి.

ఇగ వాన. చెరువు నిండి అలుగు దుంకితె కింద కాలనీలకు నీళ్లొచ్చుడు పాలమూరోళ్లకు కొత్తేం కాదు, నాలాలు మూసి ఇండ్లు కట్టినంక నీళ్లు మాత్రం ఎటు పోతయి. రాత్రికి రాత్రి మోకాలు లోతు వచ్చినయి. ఎక్కడైనా బరువైన పాత బైండ్లు కింది అరలనే పెడతరు, అవే మునిగినయి, మీది అరల ఉన్న గ్రూప్ పరీక్షల గైడ్లకు చుక్క తగల్లే. గదీ మన నసీబు. పైగా మోరి నీళ్లు కలిసినయి, ఆ వాసన రాస్తె అర్థమయ్యేది కాదు.

తెల్లారంగ నలుగురొచ్చి నాలుగు చెప్పిన్రు. ఒకాయన మిద్దె మీద ఎండల పరుద్దమన్నడు, ఇంకొకాయన ఏకంగ ఇస్త్రీ పెట్టె పట్టుకొచ్చిండు. ఎండకు పెట్టిన రెండు మూడు పుస్తకాలు పొద్దుగూకేవరకు అప్పడాల లెక్క వంకర్లు తిరిగినయి, మీద ఎండినట్టు కనవడ్డది, నడుమ వేలు పెడితె పచ్చిగనే ఉంది. ఆ కాలం కాగితం కట్టెగుజ్జుతోని చేసింది, అండ్ల పులుపు ముందే ఉంటది, ఎండ తగిలితె ఇంకింత పచ్చవడి పెళుసయితది. ఇస్త్రీ అయితె ఇంకా ఘోరం, మీదున్న బురదను లోపలికి దిగ్గొట్టినట్టయితది. వీటన్నిటి కంటె పెద్ద శత్రువు బూజు. మన ఉక్కపోతల 48 గంటలు దాటిందంటె షురూ అయితది, తర్వాత ఏం చేసినా మచ్చ పోదు.

మా దగ్గరికి పేపర్ చదవనీకె వచ్చే ఒక సైన్స్ టీచరమ్మ అడ్డం వడ్డది కాబట్టి మిగిలినయ్. ఫ్రీజర్ల పెట్టుండ్రి అన్నది. అందరు నవ్విన్రు. కాని ఆమె చెప్పింది కరెక్టు, ప్రపంచమంత పెద్ద లైబ్రరీలు చేసేది అదే, సున్నా కింద 20 డిగ్రీలకు దించితె బూజు ఎక్కడిదక్కడ ఆగుతది, కాగితం ఉబ్బుడు ఆగుతది, మనకు సోంచాయించనీకె టైము దొరుకుతది. చౌరస్తాల ఐస్‌క్రీం పార్లరాయన మంచోడు, డీప్ ఫ్రీజర్ ఒకటి ఖాళీ చేసిచ్చిండు, పాత గుడ్డల్ల చుట్టి, ఒకదానికొకటి అతుక్కోకుండ నడుమ బటర్ పేపర్ పెట్టి పేర్చినం. పక్క ఫ్రీజర్ల మటకా కుల్ఫీ, దీంట్ల ఆంధ్ర మహాసభ.

ఇటలీల ఫ్లోరెన్స్ సంగతి అప్పుడే చదివిన. 1966 నవంబర్ 4న ఆర్నో నది ఊరి మీదికొచ్చి అక్కడి జాతీయ గ్రంథాలయం మునిగింది, ఎక్కడెక్కడి నుంచో కాలేజీ పిల్లలు వచ్చి బురదల నిలవడి చెయ్యి చెయ్యి అందించుకొని పుస్తకాలు బైటికి తీసిన్రు, ఎండబెట్టనీకె జాగ దొరకక పొగాకు ఆరబెట్టే బట్టీలకు సుత తోలిన్రు. తడిసిన పుస్తకాన్ని ఎట్ల బాగుచెయ్యాలన్న చదువు ఇయ్యాల ప్రపంచంల ఉన్నదంటె అండ్ల సగం ఆ బురదల పుట్టిందే. మనకు పొగాకు బట్టీలెక్కడియి, ఐస్‌క్రీం డబ్బా దొరికింది, అదే చాలనుకున్న.

చాచా కంటె ముందు ఒక ముచ్చట. కమిటీల ఒకాయన ఆగలేక ఒక పత్రికల బైండు పట్టుకొని హైదరాబాదుల ఒక పెద్ద దుకాణానికి పోయిండు, ఏసీ షోరూం, కంప్యూటర్ బిల్లు, "రెస్టోరేషన్ చేస్తం సార్" అన్నరంట. తిరిగొచ్చిన బైండు చూసి నాకు నోట మాట రాలే. ప్రతి కాగితానికి రెండు దిక్కుల ప్లాస్టిక్ లామినేషన్! అది ఇగ ఊడేది కాదు, తీద్దమంటె అచ్చు సుత దానితోనే లేస్తది. సగం తడి మీదనే అతికిచ్చినట్టున్నరు, నెల తిరగకముందే ప్లాస్టిక్ లోపల నల్లటి చుక్కలు పుట్టినయి, మనం చూసుకుంట ఉండుడే, తుడవరాదు. పైగా మూడు దిక్కుల కటింగ్ మెషిన్ల పెట్టి సాపుగ కోసిన్రు, మార్జిన్లు పోయినయి, మార్జిన్ల మీదున్న రాతలు పోయినయి. చూడనీకె కొత్త పెండ్లి కార్డు తీరు మెరుస్తది.

చాచా అట్ల కాదు. ఫ్రీజర్ నుంచి తీసి గుడ్డల చుట్టి మొదటి పుస్తకం తీస్కపోతె విప్పనే విప్పలే. వాసన చూసిండు, వెన్ను మీద బొటనవేలితోని మెల్లగ ఒత్తిండు, "దీన్ని తెరిచిన్రా?" అని అడిగిండు. లేదన్న. "అచ్ఛా కియా" అని పక్కన పెట్టిండు. నానిన పుస్తకాన్ని ఆత్రపడి తెరిస్తె కుట్టు దగ్గర చినుగుతదంట, మూసి పట్టుకొని మంచినీళ్ల టబ్బుల ముంచి మీది బురద పోనియ్యాలెనంట, బురద ఎండినంక గీకుడు కంటె తడి మీద కడుగుడే నయమంట. అయితె అన్నిటిని కడగడు. ముందు తడి దూది తీసుకొని ఒక మూలకున్న మా పఠనాలయం స్టాంపు మీద అద్దిండు, ఊదారంగు దూదికి అంటింది. ఇంకు పెన్నుతోని రాసిన అట్ట లోపలి పేరు మీద అద్దిండు, అది కూడ కదిలింది. పెన్సిల్ మీద అద్దిండు, ఏం కాలే. అచ్చు అక్షరాలకు నూనె సిరా కాబట్టి వాటికి భయం లేదన్నడు. స్టాంపులు, పెన్ను రాతలు ఉన్న కాగితాలను ఇడిగ ఏరి నీళ్లకు దూరం పెట్టిండు. ఈ పరీక్ష చేసేటప్పుడు ఆయన ముఖం చూస్తె దవాఖానల నాడి పట్టే డాక్టర్లకు కూడ గంత ఓపిక ఉండదనిపించింది.

ఇదంత ఎక్కడ నేర్చుకున్నవు చాచా అని అడిగితె 2009 అన్నడు. అక్టోబర్‌ల తుంగభద్ర పొంగి కర్నూలు, అలంపురం రెండూ మునిగినయి గదా, గుళ్లల్లకు సుత నీళ్లొచ్చినయి, ఆ నెలలంత చాచా దగ్గరికి వచ్చినయి పుస్తకాలు కావు, పట్టా పాస్‌బుక్కులు, ఇండ్ల దస్తావేజులు, టెన్త్ మెమోలు, దుకాణాల ఖాతా బుక్కులు. మొదట్ల వచ్చినయి కొన్ని ఖరాబైనయంట, ఎవరివని చెప్పలే, నేను అడగలే. "పత్థర్ కడిగితె మళ్ల దేవుడైతడు సార్, కాగజ్ అట్ల కాదు" అన్నడు. అలంపురం నవబ్రహ్మ ఆలయాల రాళ్లు బాదామి చాళుక్యుల కాలం నుంచి అక్కడ నిలవడ్డయి, మన 1934 కాగితం నూరేండ్లు ఉంటదా అన్నదే డౌటు.

తర్వాత పని చూడనీకె నాకు మస్తు ఇష్టమైంది కాబట్టి జర ఎక్కువ రాస్త. నీళ్లు కారినంక పుస్తకాన్ని నిలువుగ పెట్టి విసనకర్ర తీరు కొద్దిగ విప్పి, ఫ్యాన్ గాలి గోడకు తగిలి వచ్చేటట్టు పెడతడు, నేరుగ తగలనియ్యడు. కొన్ని కొన్ని పేజీలకు నడుమ ఖాళీ న్యూస్‌ప్రింట్ కాగితం జొప్పిస్తడు, అచ్చున్న పాత పేపర్ అస్సలు పెట్టడు, దాని సిరా అంటుతదని. తడి పీల్చినంక అవి తీసి కొత్తయి పెడతడు, ఈ మార్చుడే అసలు పని, రోజుకు ఎన్నిసార్లు మారుస్తడో, ఆయన భార్య కూడ ఇంటికాడ ఇదే పనిల ఉంటదంట. కొంచెం తడి ఉండంగనే కుట్టు దారం తెంపి జుజులు జుజులుగ (జుజు అంటె కలిపి మడిచి కుట్టిన కొన్ని కాగితాల కట్ట) విడదీసి, ఒక్కొక్క జుజును అద్దుడు కాగితాల నడుమ పెట్టి తేలిక బరువు కింద సాపు చేస్తడు. శికంజాల బిగించేది ఆఖరుకే. చినిగిన దగ్గర ఉల్లిపొర అంత పల్చటి టిష్యూ, మైదా లై, చిన్న కుంచె. అతికించినంక కూడ కింది అక్షరం కనవడాలె, కనవడకపోతె మళ్ల నీళ్లద్ది తీసేస్తడు. తీస్తె వచ్చేటట్టు అతికించుడే అసలు పనితనం, లామినేషనోళ్లకు ఎవరన్న చెప్పుండ్రి. ఆఖరుకు జుజులన్నిటిని కలిపే జుజ్‌బందీ కుట్టు, కాలికో బట్ట, అట్ట.

సంచిక కుట్టేటప్పుడు నేను అక్కడనే ఉన్న. కటింగ్ కోసం అంచులు సమానం చెయ్యనా అని అడుగుతడేమోనని ముందే చెప్దమనుకున్న, నేను నోరు తెరవకముందే చాచా ఒక కాగితం ఎత్తి లైటుకు పట్టి ఆ పెన్సిల్ రాత మీద వేలు పెట్టి "ఇది ఉంది గదా, కత్తి పెట్ట" అన్నడు. ఆయనకు తెలుగు చదవనీకె అంతగ రాదు. రాత అని మాత్రం తెలుసు. మా పుస్తకం అంచులు ఇప్పుడు ఎగుడుదిగుడుగనే ఉన్నయి, అడుగున వేలెడంత ఎత్తు దాక మట్టిరంగు నీటి మరక ఉంది, తాతగారి గురువు మాత్రం ఆ పేరు పక్కన అట్లనే ఉన్నడు. మరక తెల్లగ కావాలంటె బ్లీచింగ్ చేసేటోళ్లున్నరు, చాచా చెయ్యడు, చేస్తె కాగితం నార సచ్చిపోతదంటడు, నేను కూడ అడగలే.

ఇంకోటి నచ్చింది, బాగుకాని పనిని ముందే వద్దంటడు. నున్నటి ఆర్ట్ పేపర్ మీద అచ్చేసిన రెండు విశేష సంచికలు తీస్కపోయిన, ఫ్రీజర్ల పెట్టనీకంటె ముందే ఎండినయ్ అవి. ఆ కాగితం మీద సన్నటి తెల్లమట్టి పూత ఉంటది, తడిసి ఎండిందంటె పేజీలన్ని ఒక్క దిమ్మె అయితయి, విడదీస్తె అచ్చు ఊడొస్తది. చాచా చేతిల పట్టుకొని తూకం చూసి వెనకకు ఇచ్చేసిండు, "పైసలు దండగ సార్, పోయింది". ఇదే పెద్ద దుకాణమైతె ఎన్ని పేజీలున్నయని లెక్కపెడుతుండె.

ఇప్పుడు కోసిన స్టార్ సంగతి. ఒకటి, టైము. సరే, తడికి తొందర పనికిరాదు, ఒప్పుకుంటున్న, కాని పరీక్షల సీజన్ వచ్చిందంటె కాలేజీ రికార్డుల కుప్ప మీద వడి మన పుస్తకం మూలకు పోతది, పోయి పోయి చెప్పులరుగుతయి. రెండు, లైల మైలుతుత్తం కలుపుతడు, పురుగు పట్టదని తాతల నాటి పద్ధతి, పురుగు పట్టని మాట నిజమే కాని అండ్ల రాగి ఉంటది, పులుపు ఉంటది, ఏండ్లు గడిస్తె కాగితానికే చెరుపు. కలపకు చాచా అంటె జర గుర్రుమన్నడు, "పురుగొస్తె నన్ననొద్దు మల్ల" అని, ఆఖరుకు మా వాటికి మాత్రం ఇడిగ ఉడికించి పెట్టిండు. మీరు అడగకపోతె కలుపుతడు, యాది పెట్టుకోండ్రి. మూడోది నవ్వొస్తది, ఏడుపొస్తది: వెన్ను మీద బంగారు అక్షరాలు వేరే పిల్లగాడు గుద్దుతడు, వాడు "గోలకోండ" అని గుద్దిండు. అంత పెద్దాయన పెట్టిన పేరుకు దీర్ఘం తగిలిచ్చిండు పోరడు. చాచాను అడిగితె పిల్లగాన్ని తిట్టిండు, ముక్క బట్ట అతికించి మళ్ల గుద్దిచ్చిండు, పైసలు తీసుకోలే, కాని దగ్గరికి పట్టుకొని చూస్తె అతుకు తెలుస్తది. ఇంక రంగులంటారా, మెరూన్ ఒక్కటే. అడిగితె స్టాక్ లేదు. ఎప్పుడూ లేదు.

రేట్లు: మామూలు బైండింగ్ 150, 200 అట్ల. నానిన పుస్తకమైతె దాని హాలత్ చూసి 400 నుంచి 700 దాక చెప్పిండు, సంచికకు పని ఎక్కువని 900 తీసుకున్నడు. ఆ హైదరాబాదు దుకాణం పేజీ లెక్కన గుంజిన దాంతోని చూస్తె ఇది ఏం లేదు, నేనైతె బేరం చెయ్యలే. మా ట్రెజరర్ చేసిండు, అది ఆయన ఉద్యోగం. బిల్లు ఉండదు, ఉర్దూల ఒక చిట్టి రాసిస్తడు, మీది సొసైటీనో ట్రస్టో అయితె ఆడిటర్‌తోని మీరే తిప్పలు పడాలె, మేం వోచర్ మీద సంతకం పెట్టిచ్చుకున్నం. ఫోన్‌పే ఇప్పుడు వచ్చింది, కొడుకు నంబరు మీద.

తాటాకు గ్రంథాలు పట్టుకొని పోకుండ్రి, అది ఆయన పని కాదు, ఆయనే చెప్తడు. ఆకుకు లైలు, టిష్యూలు నడవయి, దానికి నూనె పట్టిచ్చుడు, మసి అద్ది అక్షరం లేపుడు వేరే విద్య, తెలిసినోళ్ల చేతుల పెట్టాలె. ఫోటో ఆల్బంలు కూడ వద్దంటడు.

పోయేటోళ్లకు: పాలిథీన్ కవర్ల చుట్టి తీస్కపోకుండ్రి, లోపల చెమటవడుతది, నూలు గుడ్డ మంచిది. అన్ని ఒక్కసారి మోసుకపోకుండ్రి, దుకాణంల జాగ లేదు, మీ పుస్తకం ఆఫీసు ఫైళ్ల కింద వడుతది, ఒకటి అయినంక ఇంకోటి ఫ్రీజర్ నుంచి తియ్యుండ్రి. అంచులు కొయ్యొద్దు, తుత్తం కలపొద్దు, ఈ రెండు ముక్కలు ఇచ్చేటప్పుడే చెప్పుండ్రి. వెన్ను మీద ఏం రావాలెనో పెద్ద అక్షరాలతోని కాగితం మీద రాసి పిల్లగాని చేతికే ఇయ్యుండ్రి, నోటితోని చెప్తె మీ ఇష్టం ఇగ. శుక్రవారం పగటీలి చాచా నమాజుకు పోతడు, మూడు దాటినంకనే తాళం తీస్తడు, అప్పటిదాక పక్క హోటల్ల చాయ్ బాగనే ఉంటది.